బాబుకు రక్త విరేచనాలు... తప్పు నాదేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా బాబుకు 14 నెలలు. ఆరు రోజుల క్రితం సాయంత్రం ఉన్నట్టుండి జ్వరం, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. మర్నాటికి బంక, ఎర్రటి చారలు కనిపించాయి. వెళ్లినప్పుడల్లా ముక్కుతూ గుక్కపట్టి ఏడ్చేవాడు. డాక్టర్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అని చెప్పి, విరేచనంలో ఏ క్రిమి ఉందో తేల్చే స్టూల్ కల్చర్ పరీక్షకి పంపి, యాంటీబయాటిక్, జింక్, ఓఆర్‌ఎస్ రాశారు. రెండు రోజుల్లో జ్వరం, రక్తం తగ్గాయి. రిపోర్టులో షిగెల్లా అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది. ఇప్పటికీ రోజుకు నాలుగైదుసార్లు పల్చగా వెళ్తున్నాడు. మోషన్స్ ఆగడానికి మందు అడిగితే డాక్టర్ రాయలేదు. పాలు, తిండి ఆపేయమని మా అత్తగారు అంటున్నారు. ఓఆర్‌ఎస్ పడితే ఉమ్మేస్తున్నాడు. రెండు నెలల క్రితం మా ఐదేళ్ల పాపకు విరేచనాలైతే ఇదే డాక్టర్ యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు. ఈ తేడా ఎందుకు? ఇల్లు శుభ్రంగానే ఉంచుతాను, అయినా ఎలా వచ్చింది? నా వల్లే వచ్చిందేమోనని నిద్ర పట్టడం లేదు. పాపకు కూడా అంటుకుంటుందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ముందు వెతికిన మాట ఒకటుంది. అది దొరికింది. మందు మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం, రక్తం తగ్గాయని రాశారు. షిగెల్లా సోకిన పిల్లలకు యాంటీబయాటిక్ ఇచ్చాక మేం ఎదురుచూసేది ఈ మార్పు కోసమే. 48 గంటలు దాటినా రక్తం పడుతూ, జ్వరం దిగకుండా ఉంటే ఆ మందుకు ఆ క్రిమి లొంగడం లేదని అనుమానించి మందు మార్చాల్సి వస్తుంది. మీ బాబుకు ఆ అవసరం రాలేదు. ఇంకా వెళ్తున్న ఆ నాలుగైదు పల్చటి విరేచనాలు పేగు మానే దారిలో ఉన్నప్పుడు కనిపించేవే. అవి గట్టిపడడానికి మరికొన్ని రోజులు, ఒక్కోసారి ఇంకో వారం పట్టొచ్చు. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వేయండి. తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి, ఇంకా పల్చగా వెళ్తున్నాడు కదా అని మీ అంతట మీరు పొడిగించకండి.

ఇప్పుడు ఈ పేజీ పక్కన పెట్టి ఒక్కసారి బాబు దగ్గరకు వెళ్లండి. గత ఆరు గంటల్లో మూత్రం పోశాడా? డైపర్ వేసిన బిడ్డకు ఇది తెలుసుకోవడం కష్టమే, ఎందుకంటే మూత్రం పల్చటి విరేచనంలో కలిసిపోతుంది. డైపర్ లోపల ముందువైపు కాస్త దూది పెట్టి చూడండి, మూత్రం పోస్తే అది తడుస్తుంది. ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? నాలుక తడిగా ఉందా? కళ్లు గుంటలు పడ్డట్టు ఉన్నాయా? ఈ వయసుకి నడినెత్తి మీద మాడు పూర్తిగా మూసుకుని ఉండకపోవచ్చు. బాబు ఏడవకుండా నిటారుగా కూర్చున్నప్పుడు అక్కడ వేలు ఆనించి, లోపలికి దిగిపోయి ఉందేమో చూడండి. తర్వాత బొడ్డు పక్కన పొట్ట మీది చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా పైకి లాగి వదిలేయండి. ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్న బిడ్డకు అది వదిలీ వదలగానే సర్దుకుంటుంది. మడత కాస్త నిలిచి నెమ్మదిగా దిగితే నీళ్లు తగ్గుతున్నాయని అర్థం. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే నీళ్లు బాగా పోయాయని. అప్పుడిక ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రికి బయల్దేరాలి.

విరేచనాల లెక్క కన్నా ఈ లెక్కకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది చేతిలో కాగితం ఉంటుంది. ఆరున్నరకు ఒకటి, ఏడుంబావుకు ఒకటి, ఎనిమిదికి రెండు అంటూ జాగ్రత్తగా రాసుకొస్తారు. మూత్రం ఎన్నిసార్లు పోశాడమ్మా అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎంత తాగాడు అన్నా అంతే. విరేచనాల జబ్బుల వల్ల ప్రపంచంలో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు దాదాపు 4.4 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో చాలామందిని తీసుకుపోయేది ఒంట్లోని నీళ్లు, లవణాలు బయటకు పోవడం. పోయినవి పోయినట్టు లోపలికి చేరుస్తూ ఉంటే బిడ్డ పదిసార్లు వెళ్లినా నిలబడతాడు. చేర్చకపోతే ఐదుసార్లకే వాడిపోతాడు.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. పాపకు వద్దన్న మందు బాబుకు ఎందుకు రాశారు?

చిన్నపిల్లల్లో విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి. రోటావైరస్, నోరోవైరస్ లాంటివి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మీ పాపకు వచ్చింది ఆ బాపతే అయ్యుంటుంది. బాబు విషయంలో డాక్టర్‌ను ఆపిన మాట రక్తం. జ్వరంతో పాటు బంక, రక్తం, ముక్కుడు కలిసి వచ్చాయంటే దారి మారిపోతుంది.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఇకముందు మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. పేగుల్ని ఇబ్బంది పెట్టే బ్యాక్టీరియా రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక రకం చిన్న పేగు లోపలి పూతకు అతుక్కుని, అక్కడే కూర్చుని విషం వదులుతుంది. కలరా క్రిమి అలాంటిదే, ఈ.కోలైలో ఒక జాతి కూడా అంతే. పూతకు గాయం కాదు. కానీ ఆ విషం దెబ్బకు పేగు కణాలు లోపలి నీళ్లను కుళాయి విప్పినట్టు వదిలేస్తాయి. విరేచనం నీళ్లలా, బోలెడంత వస్తుంది. రక్తం ఉండదు, జ్వరం అంతగా ఉండదు. రెండో రకం పేగు గోడలోకే చొరబడుతుంది. షిగెల్లా ఇందులో ఆరితేరింది. పెద్ద పేగు కణంలోకి దూరి, అక్కడే పెరిగి, బయటకు రాకుండానే పక్క కణంలోకి పాకిపోతుంది. అలా పాకిన చోటల్లా పూత ఊడి పుండు పడుతుంది. అందుకే విరేచనం కొద్దికొద్దిగా, మాటిమాటికీ, బంకతో, రక్తంతో వస్తుంది. పేగు చివరి భాగం పుండు పడి ఉంటుంది కాబట్టి వెళ్లొచ్చినా ఇంకా వెళ్లాలనే అనిపిస్తుంది. మీ బాబు ముక్కుతూ గుక్కపట్టి ఏడ్చింది అందుకే. మొదటిరోజు నీళ్లలా వెళ్లి మర్నాటికి రక్తం కనిపించడం కూడా ఈ జబ్బు నడిచే తీరే.

ఈ క్రిమిని 1897లో జపాన్‌లో రక్త విరేచనాలు ఊళ్లకు ఊళ్లను చుట్టబెట్టినప్పుడు కియోషి షిగా అనే యువ శాస్త్రవేత్త కనిపెట్టారు. దానికి ఆయన పేరే పెట్టారు. జపాన్ భాషలో ఆ జబ్బును సెకిరి అంటారు, ఎర్ర విరేచనం అని అర్థం. పేరులోనే గుర్తు పెట్టుకున్నారు వాళ్లు. మనం కూడా ఈ ఒక్క గుర్తు మర్చిపోకూడదు. పళ్లు వస్తున్నాయనో, వేడి చేసిందనో విరేచనంలో రక్తాన్ని ఎప్పుడూ సరిపెట్టుకోకూడదు. మీరు రెండో రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లి చాలా మంచి పని చేశారు.

అలాగని బ్యాక్టీరియా అనగానే యాంటీబయాటిక్ అనుకోకండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సాల్మొనెల్లా ఉంది. మామూలు ఆరోగ్యం ఉన్న పిల్లల్లో అది తనంతట తానే తగ్గుతుంది, మందు ఇచ్చినా విరేచనాలు త్వరగా తగ్గవు. పైగా ఆ క్రిమి విరేచనంలో ఇంకా ఎక్కువ రోజులు కనిపిస్తూ ఉంటుంది. అదే సాల్మొనెల్లా మూడు నెలలు నిండని పసిగుడ్డుకో, రోగనిరోధక శక్తి బాగా తక్కువ ఉన్న బిడ్డకో వస్తే రక్తంలోకి పాకే ప్రమాదం ఉంటుంది కాబట్టి మందు ఇవ్వాల్సిందే. క్యాంపైలోబాక్టర్ కూడా రక్తం తెప్పిస్తుంది, ఎక్కువమందికి వారం లోపు తగ్గిపోతుంది, తీవ్రంగా ఉంటేనే మందు.

ఇక ఈ.కోలై. దీన్ని 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టర్ పసిపిల్లల విరేచనంలోనే గుర్తించారు. మనందరి పేగుల్లోనూ ఏ హానీ చేయకుండా బతికే క్రిమి అది. అందులో కొన్ని జాతులు మాత్రమే జబ్బు చేస్తాయి. ఆ కొన్నింటిలో ఒకటి షిగా విషం అని పిలిచే విషాన్ని వదులుతుంది. అది సోకిన బిడ్డకు రక్త విరేచనాలు ఉంటాయి, కానీ డాక్టర్ దగ్గరకు వచ్చేసరికి జ్వరం తరచూ ఉండదు. యాంటీబయాటిక్ ఇస్తే చచ్చే క్రిములు మరింత విషం వదిలి కిడ్నీలు దెబ్బతినే అవకాశం పెరుగుతుందన్న భయంతో అక్కడ మందుకు దూరంగా ఉంటాం. చూశారా, రెండింటిలోనూ ఎర్రచారలే. ఒకచోట మందు బిడ్డను కాపాడుతుంది, ఇంకోచోట హాని చేయొచ్చు. అందుకే డాక్టర్ మందు మొదలుపెడుతూనే స్టూల్ కల్చర్‌కి కూడా పంపారు. క్రిమి పెరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి అంతవరకు బిడ్డను చూసి నిర్ణయం తీసుకోవాలి. అల్మారాలో మిగిలిన పాత సిరప్ సీసా తీసి పోయకూడదనేదీ ఇందుకే. ఆ సీసాలు ఏవైనా ఉంటే ఈరోజే పారేయండి. యాంటీబయాటిక్ పేగులోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. దానివల్లే విరేచనాలు పట్టుకున్న పిల్లల్ని నేను తరచూ చూస్తాను.

మోషన్స్ ఆపే మందు రాయనందుకు డాక్టర్ మీద మీకు కొంచెం కినుకగా ఉన్నట్టుంది. ఆయన స్థానంలో నేనున్నా రాయను. లోపెరమైడ్ లాంటి మందులు పేగు కదలికను నెమ్మదింపజేస్తాయి. లోపల క్రిములు, వాటి విషం, చీము ఉండగా కదలిక ఆపేస్తే అవన్నీ పేగులోనే నిలిచిపోతాయి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ మందు అసలు ఇవ్వకూడదు. విరేచనాలు ఆపే మందులు ఏ వయసు పిల్లలకూ ఇవ్వొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఏడాదిన్నర బిడ్డను తెచ్చారు. పెద్దవాళ్ల మాత్రను పొడి చేసి తేనెలో కలిపి నాకించారట. మోషన్స్ ఆగాయని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తెల్లారేసరికి పొట్ట డప్పులా బిగుసుకుంది, బిడ్డ మగతలోకి జారిపోయాడు. స్టెతస్కోప్ పొట్ట మీద పెడితే పేగు చప్పుడు లేదు. విరేచనం ఆగలేదు, బయటకు రావడం ఆగింది, అంతే. నీళ్లన్నీ పేగులోనే నిలిచిపోయాయి. మూడు రోజులు సెలైన్ మీద ఉండి కోలుకున్నాడు. ఆ రాత్రి ఆ పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చున్న తల్లి ముఖం నాకింకా గుర్తుంది.

ఇక ఓఆర్‌ఎస్. ఉమ్మేస్తున్నాడన్నారు. గ్లాసుతోనో పాలసీసాతోనో ఒకేసారి పట్టారేమో. దానికి చెంచా కావాలి, ఓపిక కావాలి. బాబును ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకోండి. టీస్పూన్‌తో సగం తీసుకుని చెంచా అంచును కింది పెదవికి ఆనించండి, నాలుక మీద గుమ్మరించకండి. చెంపవైపు కొద్దిగా వంచితే దానంతట అదే లోపలికి జారుతుంది. మింగాడా, ఒక నిమిషం ఆగి మళ్లీ. చెంచాను చూసి మొహం తిప్పేస్తుంటే సూది లేని సిరంజితో చెంప లోపలివైపు కొద్దికొద్దిగా వదలండి. చల్లగా ఉంటే కొందరు పిల్లలు ఇష్టంగా తాగుతారు. రెండు నిమిషాలకు ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. చొప్పున వెళ్తే గంటకు 150 మి.లీ. అవుతుంది. చూడ్డానికి చుక్కల్లా ఉంటుంది గానీ చాలామంది పిల్లలకు సెలైన్ తప్పించేది ఆ చుక్కలే. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి పల్చటి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. వరకు పోవాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. వాంతి అయింది కదా ఇక పట్టకూడదు అనుకోకండి. ఒక విషయం గమనించండి. ఒంట్లో నీళ్లు తగ్గిన బిడ్డ ఓఆర్‌ఎస్‌ను ఆబగా తాగుతాడు. మూత్రం బాగా పోస్తూ, నాలుక తడిగా ఉండి, ఆడుకుంటున్న బిడ్డ ఉమ్మేస్తుంటే వాడికి దాహం అంతగా లేదేమో కూడా. అదే నీరసంగా ఉండి తాగలేకపోతుంటే మాత్రం అది వేరే మాట, వెంటనే చూపించాలి.

కలిపే పద్ధతి గురించి గట్టిగా చెప్పాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని ఉంటే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపండి. లీటరు ప్యాకెట్లు ఉంటాయి, 200 మి.లీ. ప్యాకెట్లు ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపి పట్టి, ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్‌తో వచ్చిన బిడ్డను నేను చూశాను. ఆ తల్లి ఎంతో ప్రేమగా, చిక్కగా ఉంటే ఇంకా బలం అనుకుని కలిపింది. నీళ్లు ఎక్కువ పోసినా పలచబడి పనిచేయదు. పాలల్లో, జ్యూస్‌లో కలపొద్దు, అదనంగా పంచదార వేయొద్దు. కలిపింది 24 గంటల్లో అయిపోకపోతే పారబోసి కొత్తది కలపండి. ఓఆర్‌ఎస్‌లా పేరు పెట్టుకుని వచ్చే తీపి పానీయాలు వద్దు, వాటిలో ఉండే ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాల్ని పెంచుతుంది. ప్యాకెట్ దొరకని రాత్రి ఏదైనా వస్తే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, తలకొట్టిన అర టీస్పూన్ ఉప్పు కలిపి ప్యాకెట్ దొరికేదాకా పట్టండి.

ఈ ఉప్పు-చక్కెర నీళ్లను తక్కువగా చూసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పేగు గోడలో సోడియంను, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి లాక్కునే ద్వారం ఉంటుందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పారు. ఆ జంట లోపలికి వెళ్తే నీళ్లు వాటి వెంటే వెళ్తాయి. విషం పేగు పూతను ఎంత ఇబ్బంది పెట్టినా చాలావరకు ఈ ద్వారం తెరిచే ఉంటుంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల ఇంటివాళ్ల చేతే పట్టించారు. అంతకుముందు వందకు ముప్పై మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకి పడిపోయింది. అక్కడ గ్లాసు పట్టుకుని కూర్చున్నది నర్సులు కాదు, తల్లులు, అన్నదమ్ములు. మీ చేతిలోని చెంచాకు ఉన్న బలం అది.

జింక్ సంగతి ఒక్క మాటలో. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మి.గ్రా., ఆరు నెలల్లోపు వాళ్లకు 10 మి.గ్రా. చొప్పున 10 నుంచి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో చెప్పాయి. మీ డాక్టర్ రాసిన మోతాదే వేయండి, విరేచనాలు తగ్గినా రాసినన్ని రోజులూ వేయండి. చాలామంది ఆపేసేది దీన్నే.

మీ అత్తగారి మాట గురించి. ఆవిడ కంగారు మనవడి మీద ప్రేమే, పొట్టకు విశ్రాంతి ఇస్తే తగ్గుతుందని ఆవిడ కాలంలో డాక్టర్లే చెప్పేవారు. ఆ సలహా ఇప్పుడు పూర్తిగా మారిపోయిందని నెమ్మదిగా చెప్పండి. పేగు పూత కణాలు నాలుగైదు రోజులకోసారి కొత్తగా పుడుతుంటాయి. ఆ కొత్త పూత కట్టుకోవడానికి తిండే సరుకు. తిండి ఆపితే మానాల్సిన పుండు మానదు, బిడ్డ బరువు తగ్గుతాడు, బరువు తగ్గిన బిడ్డను తర్వాతి విరేచనాలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మీరు ఇంకా మీ పాలు ఇస్తుంటే అడిగినప్పుడల్లా ఇవ్వండి, రాత్రి కూడా. అందులో పేగుకు రక్షణ ఇచ్చే పదార్థాలున్నాయి. రోజూ తినే మెత్తటి తిండినే కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. బలవంతం వద్దు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి, పోయిన బరువు తిరిగొస్తుంది. తాగే మామూలు పాలు కూడా ఆపక్కర్లేదు. ఒకవేళ పాలు తాగిన ప్రతిసారీ నురగతో, పుల్లటి వాసనతో విరేచనం అయి పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోతుంటే, దెబ్బతిన్న పూత పాలలోని చక్కెరను అరిగించుకోలేకపోతోందేమో. అది తాత్కాలికమే, డాక్టర్‌కు చెప్పండి. మొత్తం విరేచనాలు 14 రోజులు దాటితే మాత్రం తప్పకుండా మళ్లీ చూపించాలి.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న. జబ్బు తెప్పించడానికి చాలా క్రిములకు వేలల్లో, లక్షల్లో సంఖ్య కావాలి. షిగెల్లాకు పది నుంచి వంద చాలు. కడుపులోని యాసిడ్‌ను కూడా తట్టుకుంటుంది. కంటికి కనిపించే మురికి అక్కర్లేదు, నేల ఎంత తళతళలాడినా అది అడ్డం కాదు. పైగా ఇది ప్రధానంగా మనుషుల పేగుల్లోనే బతికే క్రిమి, కాబట్టి మీ బాబుకు ఎవరో ఒక మనిషి నుంచే వచ్చింది. ఆ మనిషికి ఒకటి రెండు పల్చటి విరేచనాలై తగ్గిపోయి ఉండొచ్చు, అసలు ఏమీ తెలియకపోయి కూడా ఉండొచ్చు. ఎత్తుకున్న చెయ్యి కావచ్చు, ఇంకో పిల్లాడు చప్పరించిన బొమ్మ కావచ్చు, తాగిన నీళ్లు కావచ్చు. 14 నెలల బిడ్డ లోకాన్ని నోటితోనే తెలుసుకుంటాడు. ఆ నోటికి చేరేవన్నీ ఏ తల్లీ ఆపలేదు. ఇందులో మీ తప్పేమీ నాకు కనిపించడం లేదమ్మా, ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది.

పాపకు అంటుకునే అవకాశం ఉంది. సోకితే మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. బాబు విరేచనంలో క్రిమి మందు లేకపోతే నాలుగు వారాల దాకా కూడా ఉండగలదు, యాంటీబయాటిక్‌తో ఆ కాలం తగ్గుతుంది. ముందుజాగ్రత్తగా పాపకు మందు వేయకండి, లక్షణం కనిపిస్తే అప్పుడు చూపించండి. ఇల్లంతా క్రిమిసంహారకాలతో కడగడం కన్నా మూడు సమయాలను పట్టుకోండి: బాబును శుభ్రం చేసిన వెంటనే, ఎవరు టాయిలెట్‌కు వెళ్లొచ్చినా, వంటకీ తిండికీ చెయ్యి పెట్టే ముందు. సబ్బుతో ఇరవై సెకన్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద, పారే నీళ్ల కింద. చేతులు కడిగించే అలవాటుతోనే పిల్లల్లో విరేచనాల జబ్బులు దాదాపు మూడో వంతు తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి. చేతికి మురికి అంటినప్పుడు శానిటైజర్ సబ్బుకు సాటి రాదు. పాప చేతులు మీరే దగ్గరుండి కడిగించండి, ఐదేళ్ల పిల్లలు నీళ్లు తగిలించి వచ్చేస్తారు. ఇద్దరికీ ఒకే తువ్వాలు, ఒకే చెంచా, ఒకే తొట్టి స్నానం కొన్నాళ్లు వద్దు. బాబు నోట్లో పెట్టుకునే బొమ్మలు సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టండి. డైపర్ మార్చేవారే వంట చేయాల్సి వస్తే ఆ మధ్యలో సబ్బు తప్పనిసరి. బాబును డేకేర్‌కి పంపుతుంటే ఆఖరి పల్చటి విరేచనం అయ్యాక కనీసం 48 గంటలు ఇంట్లోనే ఉంచండి, షిగెల్లా అని వాళ్లకు చెప్పండి. కొన్నిచోట్ల మళ్లీ స్టూల్ టెస్ట్ అడుగుతారు.

మిగతా క్రిముల సంగతి కూడా క్లుప్తంగా. సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ ఎక్కువగా సగం ఉడికిన మాంసం, గుడ్డు, కాచని పాల నుంచి వస్తాయి. మాంసం లోపలిదాకా 70 డిగ్రీలకు పైగా వేడెక్కాలి, లోపల గులాబీ రంగు మిగలకూడదు. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట కడగకుండా వేరే దేనికీ వాడకండి. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచితే బాబుకు పెట్టకండి. పొడిపాలు కలుపుతుంటే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉన్నప్పుడే కలిపి, తర్వాత చల్లార్చి పట్టాలి, ఎందుకంటే పొడిలోనే క్రిములు ఉండే అవకాశం ఉంది. రోటావైరస్‌కు టీకా ఉంది. షిగెల్లాకు అందరికీ వేసే టీకా ఇంకా రాలేదు.

కొన్ని కనిపిస్తే మాత్రం ఉదయం దాకా ఆగకండి. రక్తం మళ్లీ పడినా, జ్వరం తిరిగొచ్చినా, ఏది పట్టినా వాంతి చేస్తున్నా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, పిలిస్తే కళ్లు తెరవనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా. షిగెల్లా జ్వరంలో కొందరు పిల్లలకు ఫిట్స్ వస్తాయి, అలా అయితే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, వెంటనే తీసుకెళ్లండి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. విరేచనాలు తగ్గుతున్న వారంలోనే బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి, మూత్రం బాగా తగ్గిపోతే, ముఖం ఉబ్బినట్టు ఉంటే, అది కిడ్నీల మీద షిగా విషం ప్రభావం కావచ్చు. అరుదే. కానీ విరేచనాలు తగ్గాయి కదా అని అందరూ ధీమాగా ఉన్నప్పుడే వస్తుంది కాబట్టి ఇంకో వారం మూత్రం మీద కన్నేసి ఉంచమంటున్నాను.

మీరు ఆరు రాత్రులుగా సరిగ్గా నిద్రపోయి ఉండరు. ఈ రాత్రి అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చెంచా ఎలా పట్టాలో, పొట్ట మీది చర్మం ఎలా చూడాలో చూపించండి. ఎంత తాగాడు, మూత్రం ఎప్పుడు పోశాడు అని ఒక కాగితం మీద రాయమని ఇచ్చి, బాబును కాసేపు ఆవిడకు అప్పగించి మీరు పడుకోండి. తెల్లవారాక ఆ కాగితం చూసుకోండి. డాక్టర్ దగ్గరకు మళ్లీ వెళ్లేటప్పుడు కల్చర్ రిపోర్టుతో పాటు దాన్ని కూడా తీసుకెళ్లండి.